5 కిలోల తీపి ఉల్లి, మూడు వారాల గడువు

వల సంచిలో, స్వీట్ ఆనియన్స్ అని చీటీ అంటించి అమ్మే తీపి ఉల్లిపాయలు ఒకేసారి 5 కిలోలు కొన్నాను. ఇంట్లో తినేది ఇద్దరం. అంత ఎందుకు కొన్నావని అడిగితే నా దగ్గర జవాబు లేదు, పెద్ద సంచి అయితే కలిసొస్తుందన్న పాత జబ్బు తప్ప. ఒక్కో కాయ అరచేతి నిండుగా, పైనుంచి కాస్త అణిచినట్టు బల్లపరుపుగా, పల్చటి లేత పసుపు పొట్టుతో చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉన్నాయి. మూడు వారాలపాటు వాటిని పచ్చిగా తిన్నాం, కాల్చాం, వేయించాం, ఉడికించాం, వెనిగర్‌లో ఊరబెట్టాం, ఆఖరికి ఫ్రీజర్‌లో కూడా కుక్కాం. కొన్ని కుళ్ళిపోయాయి కూడా. ఇంత చేశాక రాయకపోతే ఎలా అని ఈ రివ్యూ.

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. పచ్చిగా తినడానికీ, కాయకు కాయ ఓవెన్‌లో పెట్టి కాల్చడానికీ దీన్ని మించింది లేదు. ఏ వంటకైనా మొదట నూనెలో పడే ఉల్లిపాయగా వాడితే శుద్ధ దండగ. ఇక నిల్వ సంగతి అయితే మరీ అన్యాయం, దాని గురించి కింద విడిగా ఏడుస్తాను.

మొదటి కాయ తరగబోయేటప్పుడు అలవాటు కొద్దీ కిటికీ తెరిచి, ముఖం పక్కకు తిప్పుకుని కత్తి పెట్టాను. ఏమీ కాలేదు. రెండో కాయ కూడా తరిగాను, కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఒక ముక్క నోట్లో వేసుకుంటే కరకరమంటూ, నీళ్ళు ఊరుతూ, చివర్లో ఎక్కడో లీలగా ఉల్లి వాసన తగిలింది. ఇందులో చక్కెర బాగా ఎక్కువ ఉంటుంది కాబట్టే తీపి అని నేనూ అనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఆ తేడా చాలా కొద్ది. 100 గ్రాముల తీపి ఉల్లిలో చక్కెర సుమారు 5 గ్రాములు, మామూలు ఉల్లిలో 4 గ్రాముల పైచిలుకు. అసలు తేడా గంధకంలో ఉంది. ఉల్లి మొక్క నేలలోంచి గంధకాన్ని పీల్చుకుని గడ్డలోని కణాల్లో కొన్ని సమ్మేళనాలుగా దాచుకుంటుంది, కత్తి పడి కణాలు చితికాక ఎంజైములు వాటి మీద పనిచేసి ఘాటునూ, కళ్ళు మండించే ఆవిరినీ పుట్టిస్తాయి. (ఆ ఆవిరి తయారీకి ప్రత్యేకంగా ఒక ఎంజైము ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో గానీ బయటపెట్టలేదు. వేల ఏళ్ళుగా ఏడుస్తున్నాం, కారణం పూర్తిగా తెలిసింది మాత్రం మొన్న మొన్ననే.) గంధకం తక్కువగా ఉన్న నేలలో, తగిన రకం విత్తనం వేస్తే గడ్డలో ఆ ఘాటు సరుకు తక్కువగా చేరుతుంది. అప్పుడు ఉన్న కొద్దిపాటి తీపి నాలుకకు తిన్నగా అందుతుంది. మామూలు ఉల్లిలోనూ తీపి ఉంది, ఘాటు దాన్ని కప్పేస్తుంది, అంతే. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే నేను సగం కాయలు పాడు చేసుకునేవాణ్ణి కాదు.

వీటిలో పేరు మోసినది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పండే విడేలియా. అక్కడి టూంబ్స్ కౌంటీలో 1931లో మోజ్ కోల్‌మన్ అనే రైతు తాను వేసిన ఉల్లి ఘాటు లేకుండా రావడం గమనించాడని ఆ పంట కథ మొదలవుతుంది. ఊరూ పేరూ లేని ఉల్లికి కూడా ఆ పేరు తగిలించి అమ్మేవాళ్ళు ఎక్కువయ్యాక 1986లో ఆ రాష్ట్రం చట్టమే చేసింది, నిర్ణయించిన 20 కౌంటీల పరిధిలో పండితేనే ఆ పేరు పెట్టాలని. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా ఉల్లి మూలం కోర్సికా దీవి నుంచి ఒక ఫ్రెంచి సైనికుడు తెచ్చిన విత్తనం. టెక్సాస్ 1015 అని ఇంకోటి ఉంది, ఆ అంకె చూసి ఏదో ల్యాబ్ నంబరు అనుకున్నాను గానీ అది విత్తే తేదీ, పదో నెల 15. ఇటలీలో ట్రోపియా ఎర్ర ఉల్లి, ఫ్రాన్స్‌లో సెవెన్న్ అనే కొండ ప్రాంతపు ఉల్లి కూడా ఈ కుటుంబమే, ఆ రెండిటి పేర్లకూ అక్కడ చట్టపరమైన రక్షణ ఉంది.

నా సంచి మీద ఇలాంటి పేరు ఏదీ లేదు. ఒట్టి స్వీట్ ఆనియన్ అని మాత్రమే ఉంది, అసలు చిక్కు అక్కడే. ఘాటు కొలవడానికి పరీక్ష లేక కాదు, తరిగిన ఉల్లిలో ఘాటుతోపాటే పుట్టే పైరువిక్ ఆమ్లం ఎంత ఉందో చూస్తారు, అది గ్రాముకు 5 మైక్రోమోల్ (పదార్థాన్ని లెక్కించే చాలా చిన్న కొలత) లోపు ఉంటే తీపి ఉల్లి కింద జమకట్టడం వాడుక. అయితే ఆ అంకె నా సంచి మీద లేదు, నా వంటింట్లో ప్రయోగశాలా లేదు. ఒకే సంచిలోని కాయల్లో మూడు మిగతావాటికన్నా బాగా ఘాటుగా తగిలాయి, ఒకటైతే కళ్ళు కూడా మండించింది. కాబట్టి పేరున్న రకం దొరికితే అదే తీసుకోండి. ఉత్త స్వీట్ అన్న మాటను నమ్మి పచ్చి ముక్కలు అతిథుల ప్లేటులో పెట్టేముందు ఒక రేకు మీరు తిని చూడండి. కొనేటప్పుడు పైన మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూడాలి, అక్కడ మెత్తగా ఉందంటే లోపల కుళ్ళు మొదలైనట్టే. వల సంచిలో ఉన్నవాటికి ఆ పరీక్ష సరిగ్గా కుదరదు, అడుగున ఉన్నవాటికి అసలు కుదరదు. నా సంచి అడుగున రెండు కాయలు తడిగా ఉన్నాయి, ఇంటికొచ్చి గుమ్మరించాక గానీ తెలియలేదు.

పచ్చిగా తినే సంగతి. ఇది ఈ ఉల్లి పుట్టిన పని. అర అంగుళం మందాన చక్రం కోసి, రెండు బ్రెడ్ ముక్కల మధ్య వెన్నా ఉప్పూ మిరియాల పొడీతో పెట్టుకుని తింటే, ఇంకేమీ అక్కర్లేదు, నిజంగా ఇంకేమీ. మామూలు ఉల్లి అయితే ముక్కలను ఐస్ నీళ్ళలో పదిహేను నిమిషాలు నానబెట్టి ఘాటు కొంత కడిగేస్తాం కదా, దీనికి ఆ తతంగం వద్దు, నానబెడితే ఉన్న కాస్త రుచి కూడా నీళ్ళలో పోతుంది. సలాడ్‌లో టమాటా, కీరా, నిమ్మరసంతో కలిపితే చాలా బాగుంది, కాకపోతే ఉప్పు మాత్రం ప్లేటులోకి వడ్డించే ముందే వేయాలి. ఈ ఉల్లి బరువులో నూటికి 91 వంతులు నీరే, ముందే ఉప్పు వేసి పెట్టారా, పది నిమిషాల్లో గిన్నె అడుగున చెరువు. ఇంకో సంగతి, మెడ నుంచి వేరు వైపు నిలువుగా తరిగితే ముక్క గట్టిగా నిలబడుతుంది, అడ్డంగా చక్రాలు కోస్తే కణాలు ఎక్కువ చితికి వాసన కాస్త పెరుగుతుంది. తీపి ఉల్లిలో ఈ తేడా చిన్నదే గానీ, పైన చెప్పిన ఆ మూడు దొంగ కాయల్లో బాగా తెలిసింది. మొదటి వారంలోనే కొన్ని కాయలు ఇలా పచ్చిగా అయిపోయాయి, ఆ జోరులోనే మొత్తం అవగొట్టేసి ఉంటే ఈ రివ్యూ అంతా పొగడ్తే అయ్యేది.

ఓవెన్‌లో కాయకు కాయ కాల్చడం రెండో గొప్ప పని. పొట్టు తీసి, పైన మెడ వైపు అర అంగుళం కోసి పారేసి, అక్కడ చిన్న గుంటలా తవ్వాలి. వేరు వైపు మాత్రం కత్తి తగలకూడదు, పీచు గీకేసి ఊరుకోవాలి. నేను మొదటిసారి శుభ్రంగా ఉంటుందని వేరు మొదలంతా కోసేశాను, కాల్చాక రేకులన్నీ విడిపోయి ట్రే నిండా పరుచుకున్నాయి. గుంటలో చెంచాడు వెన్న, ఉప్పు, మిరియాలు వేసి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి 190 డిగ్రీల సెల్సియస్‌లో గంట పెట్టాలి, కాయ పెద్దదైతే ఇంకో పావుగంట. కత్తి మొన గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి. ఆఖరి పది నిమిషాలు ఫాయిల్ పైన విప్పి ఉంచితే అంచులు కాస్త ఎర్రబడతాయి. లోపలి రేకులు చెంచాతో తీసుకుని తినేంత మెత్తగా, జారుగా అవుతాయి, అడుగున వెన్న కలిసిన రసం చేరుతుంది, దాన్ని ఒక్క బొట్టు కూడా పారబోయకుండా బ్రెడ్ ముంచుకుని తినండి. మామూలు ఉల్లిని కూడా పోలిక కోసం పక్కనే పెట్టి కాల్చాను. అది కూడా బాగానే ఉంది గానీ కాయంత కాయను ఒక్కరే తినాలనిపించేలా లేదు. తీపి ఉల్లి అయితే ఇద్దరం రెండేసి తినేశాం, ఆ రాత్రి వేరే వంటే లేదు. ఓవెన్ లేనివాళ్ళు మైక్రోవేవ్‌లో మూత పెట్టి చేసుకోవచ్చు, ఏడెనిమిది నిమిషాల్లో మెత్తబడుతుంది, అంచులు ఎర్రబడవు, రుచి కూడా ఆ మేరకు తక్కువే.

ఇప్పుడు నిరాశ సంగతి, కారమలైజ్ చేయడం. పేరులోనే తీపి ఉంది కదా, సన్నని సెగ మీద గంటసేపు వేయిస్తే అమృతంలా వస్తుందని కొన్ని కాయలు తరిగి వెడల్పాటి మూకుట్లో పోశాను. ఇరవై నిమిషాలదాకా అది వేగలేదు, తన నీళ్ళలో తాను ఉడికింది. ఆ నీరంతా ఇగిరి రంగు తిరగడం మొదలయ్యేసరికే మామూలు ఉల్లి సగం దారి దాటేసేది. గంటా ఇరవై నిమిషాల తర్వాత, మధ్యలో మూడుసార్లు అడుగంటబోతే చెంచాడేసి నీళ్ళు చల్లి గీకుతూ, చివరికి వచ్చింది ఒక చిన్న గిన్నెడు. (పది నిమిషాల్లో ఉల్లిని బంగారు రంగు తెప్పించొచ్చని రాసేవాళ్ళు ఎవరో గానీ వాళ్ళ స్టవ్ నాక్కావాలి.) సరే, రుచి బాగుంటే శ్రమ మర్చిపోవచ్చు. అదీ లేదు. తియ్యగా ఉంది, తియ్యగా మాత్రమే ఉంది, పాకంలో ముంచిన గుడ్డపేలికలా. కారణం మళ్ళీ ఆ గంధకమే. పచ్చిగా ఉన్నప్పుడు మండించే ఆ సమ్మేళనాలే ఎక్కువసేపు వేడి తగిలేసరికి మారిపోయి, మాంసం ఉడికిన పులుసులో ఉండేలాంటి ఒక లోతైన రుచిని ఇస్తాయి. ఆ ముడిసరుకే లేని ఉల్లిలో ఆ రుచి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్న సామెత ఘాటు ఉల్లిని చూసి కట్టిందే అయి ఉండాలి.

తొందరపడి ఇంకో తప్పు కూడా చేశాను, మీరు చేయకండి. చిటికెడు వంట సోడా వేస్తే ఉల్లి త్వరగా ఎర్రబడుతుందన్నది నిజమే, క్షారం వల్ల రంగు తిరగడం వేగమవుతుంది. అదే క్షారం ముక్కను పట్టి ఉంచే పెక్టిన్‌ను కూడా కరిగిస్తుంది. అసలే మెత్తటి ఉల్లి, పైన సోడా, పావుగంటలో గోధుమరంగు జావ అయింది. శాండ్విచ్‌లో పూయడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. మూడోసారి సగం తీపి ఉల్లి, సగం మామూలు ఘాటు ఉల్లి కలిపి, సోడా లేకుండా, దించే ముందు చెంచాడు వెనిగర్ చల్లి చేశాను. ఇది మాత్రం అద్భుతం. పిజ్జా మీద, ఆమ్లెట్‌లో, పాస్తాలో, దేంట్లో వేసినా బాగుంది. సంచి ఖాళీ చేయాలంటే ఈ సగంసగం లెక్క గుర్తు పెట్టుకోండి. ఫ్రెంచి పద్ధతి ఉల్లి సూప్ కూడా ఒకసారి ఒట్టి తీపి ఉల్లితో, ఒకసారి సగంసగం చేశాను, ఫలితం ఇదే, మొదటిది పానకం, రెండోది సూప్.

ఆనియన్ రింగ్స్‌కి ఈ ఉల్లిని మెచ్చుకుంటారు, ఎందుకో అర్థమైంది. కాయ పెద్దది, చక్రాలు వెడల్పుగా వస్తాయి, లోపల ముక్క పంటి కింద తీయగా తెగుతుంది. నీరు ఎక్కువ కాబట్టి పిండి మాత్రం జారిపోతుంది. ఒక్కో చక్రం లోపలి వైపు సన్నటి పల్చటి పొర ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని లాగేస్తే పిండి పట్టుకుంటుంది. చక్రాలను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, బయటపెట్టి కరగనిస్తే ఆ పొర తేలిగ్గా ఊడి వస్తుంది. తర్వాత బట్టతో తడి అద్ది, పొడి పిండిలో దొర్లించి, అప్పుడు జారు పిండిలో ముంచాలి. పని ఎక్కువే. అయినా పళ్ళెం స్టవ్ పక్కనుంచి కదలకముందే ఖాళీ అయింది కాబట్టి మార్కులు తగ్గించలేను.

వెనిగర్‌లో ఊరబెట్టడం పర్వాలేదు, అంతే. వెనిగర్, నీళ్ళు సమంగా తీసుకుని ఉప్పూ కాస్త చక్కెరా వేసి మరిగించి, సన్నగా తరిగిన ముక్కల మీద పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే అరగంటకే తినొచ్చు, రెండు వారాలు ఉంటాయి. ఎర్ర ఉల్లికి వచ్చే ఆ గులాబీ రంగు దీనికి రాదు, చూడ్డానికి పాలిపోయి ఉంటుంది. ఒక బీట్‌రూట్ ముక్క పడేస్తే చాలు. చక్కెర మాత్రం రెసిపీలో చెప్పినదానికి సగమే వేయండి.

ఇక నిల్వ. రెండో వారం మధ్యలో వంటింట్లో ఏదో వాసన, చెత్తబుట్ట అనుకుని రెండుసార్లు కడిగాను. బుట్టలో ఒకదాని మీద ఒకటి పోసి పెట్టిన ఉల్లిపాయల్లో అడుగున నాలుగు మెత్తబడి కారుతున్నాయి, పక్కవాటికి నల్ల బూజు. మామూలు ఉల్లి గట్టి పొట్టుతో, తక్కువ నీటితో నెలల తరబడి ఉంటుంది, దీనికి పల్చటి పొట్టు, నిండా నీరు, చిన్న దెబ్బ తగిలినా అక్కణ్ణుంచి కుళ్ళు మొదలు. ఒకదానికొకటి తగలకుండా ఉంచడమే అసలు కిటుకు. పాత పల్చటి మేజోడులో ఒక్కో కాయ వేసి, కాయకూ కాయకూ మధ్య ముడి వేసి, గాలి ఆడే చోట వేలాడదీయడం అనే పద్ధతి ఉంది, కావలసినప్పుడు కింది ముడి కింద కత్తిరించుకోవాలి. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. నేను మిగిలినవాటిని ఒక్కోదాన్నీ టిష్యూ కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టాను, ఆ తర్వాత ఒక్కటి కూడా పోలేదు. కాగితం తడిస్తే మార్చాలి. బంగాళాదుంపల పక్కన మాత్రం వద్దు. తరిగిన సగం ముక్కను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి, లేకపోతే వెన్న కూడా ఉల్లి వాసనే. అమ్మినవాళ్ళు సంచి మీద ఈ నిల్వ సంగతి ఒక్క ముక్క రాసి ఉంటే ఆ నాలుగు కాయలు దక్కేవి. ఒక స్టార్ దీనికే కోత.

ఆఖరికి మిగిలినవాటిలో కొన్ని తరిగి, పళ్ళెంలో పల్చగా పరిచి గడ్డకట్టించి, సంచుల్లోకి ఎత్తాను. ఉడికించనక్కర్లేదు, పచ్చిగానే పెట్టొచ్చు. కరగాక కరకర పోతుంది, కాబట్టి సలాడ్‌కి పనికిరాదు, సూపుల్లోకీ ఆమ్లెట్లలోకీ సరిపోతుంది. ఉల్లి జామ్ కూడా ఒక సీసా చేశాను, బాగుంది గానీ అది ఫ్రిజ్‌లోనే ఉండాలి, బయట అరలో పెట్టి నెలలు దాచుకునే సరుకు కాదు. నూనెలో వేయించిన ఉల్లి సంగతీ అంతే, నూనె పైన తేలుతోంది కదా అని బయట వదిలేయకండి. ఇంకో మాట, కాల్చిన కాయ మిగిలిందని కుక్కకో పిల్లికో పెట్టొద్దు. తీపిదైనా ఉల్లి ఉల్లే, వాటి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, ఉడికించినా ఆ గుణం పోదు.

మళ్ళీ కొంటానా అంటే కొంటాను, విడిగా దొరికేచోట, మెడ నొక్కి చూసి, నాలుగంటే నాలుగు. రెండు శాండ్విచ్‌లకి, రెండు ఓవెన్‌లోకి. ఐదుకి మూడున్నర స్టార్లు. ఫ్రిజ్‌లో కాగితంలో చుట్టినవి ఇంకో రెండు ఉన్నాయి, రాయడం అయిపోయింది కాబట్టి ఓవెన్ వేడి పెట్టి వస్తాను.